తమ్ముడు బోర్లా పడని రోజు

పోయిన ఆదివారం మా తమ్ముడు చెంచయ్య మనవడు బోర్లా పడినాడు. పడినాడు అనేకంటే, పడేదానికి ముహూర్తం పెట్టినారు అనడం న్యాయం. నెల్లూరులో వాళ్లుండే అపార్టుమెంటు కింద షామియానా వేసి, నీలం గుడ్డలు అలలు అలలుగా కట్టి, మధ్యలో థర్మోకోల్ పడవ నిలబెట్టి, దానికి అటూ ఇటూ ప్లాస్టిక్ కొబ్బరి మట్టలు పాతినారు. ఆ కాంపౌండులోనే నిజం కొబ్బరిచెట్లు మూడుండాయి. ఆ మట్టలే కొట్టి కట్టుకోవచ్చు కదరా అంటే, ఫొటోలో అవి నిజంవాటిలాగా కనపడవంట. మాది చేపల వేట మీద బతికిన కుటుంబం కాబట్టి 'సముద్రం థీమ్' పెట్టినామని, చెవికి మైకు తగిలించుకున్న ఒక అమ్మాయి నాకు వివరంగా చెప్పింది. ఆ సముద్రం వాసన వదిలించుకోడానికే మావాళ్లు టౌనుకి కాపురం మార్చినారని ఆ పిల్లకి ఎవరు చెప్పాలి.

తినేదానికి బొబ్బట్లు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు, గడప దాటితే గారెలు. ఈ వరస పెట్టిన పెద్దోళ్లకి పిల్లకాయల మీద ఎంత ప్రేమ ఉండిందో నేను చెప్పలేను గానీ, ప్రాస మీద మాత్రం ప్రాణం. మా పల్లెలో మామూలు రోజుల్లో వాటిని ఓళిగలు అంటాం. బిడ్డ బోర్లా పడిన రోజు ఒక్కటీ బొబ్బట్లు అంటాం, లేకపోతే బిడ్డ ఒప్పుకోడు. ఆదివారం నాటి బొబ్బట్లు మాత్రం మనిషికి ఒకటి చొప్పున, రిబ్బను కట్టిన అట్టపెట్టెలో పెట్టి ఇచ్చినారు. పెట్టె మీద 'అవ్వ చేతి వంట, ఇంట్లో చేసినవి' అని అచ్చేసి ఉండాది. ఏ ఇంట్లోనో రాయలేదు. ఆ అవ్వ ఎవరో కనుక్కుందామని చూసినాను. పెట్టెలు దించేవాళ్లలో నాకంటే నలభై ఏళ్లు చిన్నోళ్లయిన మగపిల్లకాయలే ఉండారు.

బిడ్డ పేరు పలకాలంటే ముందు నా నాలుక బోర్లా పడతది. అందుకని బుజ్జోడు అంటాను. బుజ్జోణ్ణి పడవ ముందర పరుపు మీద వెల్లకిలా పండబెట్టి, చుట్టూ లైట్లు పెట్టినారు. వాడు హాయిగా నిద్రపోయినాడు. ముప్పావు గంట సేపు నూటయాభై మంది పెద్దోళ్లం, పట్టుబట్టలు కట్టుకోని, ఒక బిడ్డ ఎప్పుడు పక్కకి తిరుగుతాడా అని ఊపిరి బిగపట్టి నిలబడినాము. నేను వంగి చూడబోతే మైకు అమ్మాయి, "ఆంటీ, మీరు ఫ్రేములోకి వస్తన్నారు," అనింది. నా తమ్ముడి మనవణ్ణి చూసేదానికి నాకు ఇంకో ఫ్రేము ఇప్పించమన్నాను. ఆ పిల్ల నవ్వలేదు. పనిలో ఉన్నోళ్లు నవ్వరు.

జనం విసుక్కుంటుంటే మా చెంచయ్య మైకు తీసుకున్నాడు. మా తమ్ముడికి మైకు దొరకడమూ, పిల్లికి ఎండు నెత్తళ్ల చేపల గంప దొరకడమూ ఒకటే. "వీడు నా పోలికండీ. మేము తొందరపడే రకం కాదు. నేను పసిబిడ్డగా ఉన్నప్పుడు మా నాయన వేటకి పోయి చిక్కుకుపోయినాడు. ఆయన తిరిగొచ్చేదాకా నేను బోర్లా పడకుండా ఆగినాను. నాయన వచ్చి ముందర కూర్చున్నాకనే పడినాను," అన్నాడు. అరవై దాటిన మనిషి ఐదో నెలలో తాను తీసుకున్న నిర్ణయం గురించి చెప్పుకుంటుంటే అందరూ చప్పట్లు కొట్టినారు. ఈ కథ నేను వాడి పెళ్లిలో విన్నాను, వాడి కొడుకు పెళ్లిలో విన్నాను, వాడు రిటైరయిన రోజు విన్నాను. విన్న ప్రతిసారీ నేనూ చప్పట్లు కొట్టినాను.

అప్పుడు బిడ్డ తల్లి, అంటే చెంచయ్య కోడలు, వచ్చి నా పక్కన కూర్చుంది. మెల్లగా నా చెవిలో, "అత్తా, మీ ఒక్కరికే చెప్తున్నా. వీడు మొన్న బుధవారమే పడినాడు. నీళ్లు పోసే ఆయమ్మ చూసింది. ఫొటో అన్న ఆదివారం దాకా ఖాళీ లేదన్నాడు. అందుకని ఎవరికీ చెప్పకుండా, పడితే మళ్లీ వెల్లకిలా తిప్పతా వచ్చినాం. మామయ్యకి మాత్రం చెప్పబాకండి," అనింది. నాకు నవ్వు ఆగలేదు. బొబ్బట్టు గొంతుకి అడ్డం పడి కళ్లల్లో నీళ్లొచ్చినాయి. పాపం ఆ అమ్మాయి తనని చూసి నవ్వినాననుకుని బిక్కమొహం పెట్టింది. నేను నవ్వింది ఆ అమ్మాయిని చూసి కాదు.

అరవై ఏళ్లు దాటిన మాట. మాది మైపాడు పక్కన పల్లె. ఇసక దిబ్బ మీద తాటాకు ఇల్లు. ఇంట్లో నాయన, అమ్మ, నాయనని కన్న మా అవ్వ, నేను, ఐదో నెల బిడ్డ చెంచయ్య. ఇంటి నిండా మూడు వాసనలు: ఉప్పు చేప, కాలిన తాటిమట్ట, పసిబిడ్డ. నాలుగో వాసన వచ్చిందంటే అది బెల్లం, ఆ రోజు ఏదో విశేషం ఉన్నట్టు. బొమ్మలు అంగట్లో కూడా దొరుకుతాయని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మాకు కావాల్సినవన్నీ మా అవ్వ చేతుల్లోంచి వచ్చేవి. కొబ్బరాకు చీల్చి గడియారం అల్లి చేతికి కట్టేది. అదే ఆకు చుట్టి బూర చేసేది, ఆ బూర ఊదితే పక్కింటి మేక గూడా జవాబు చెప్పేది. ముంజెలు తిన్నాక మిగిలిన కాయల్ని చక్రాలు చేసి బండి కట్టేది. పాడైపోయిన వల ముక్కతో బిడ్డకి ఉయ్యాల. తినేదానికి బొరుగులు బెల్లం పాకంలో కలిపి ఉండలు, లేదంటే చింతపండు, ఉప్పు, బెల్లం, రవ్వంత జీలకర్ర రోట్లో దంచి ఈనెపుల్లకి గుచ్చి ఇచ్చేది. అది చప్పరిస్తుంటే ఒక పూట గడిచిపోయేది. ఆ పూటకి కూడు లేదని మాకు మర్నాడు గానీ గుర్తొచ్చేది కాదు.

ఇప్పుడు ఇట్టాంటివి నేర్పించేదానికి ఎండాకాలం సెలవుల్లో క్లాసులు పెడుతుండారు. 'ఇంట్లో పారేసే వాటితో అందమైన బొమ్మలు' అని పేరు పెట్టిన క్లాసుకి నా మనవరాలు పోయింది. ముందు రోజే కావాల్సిన సామాను జాబితా ఇచ్చినారు. మేము ఇంట్లో పారేసేవి ఆ జాబితాలో ఒక్కటీ లేవు. అందుకని అన్నీ కొనుక్కొచ్చి, పారేసినట్టు అనుకోని, పంపినాము. పిల్లల ఊహాశక్తి పెరగతదని ఆ క్లాసు టీచరమ్మ చెప్పింది. మా అవ్వ ఏ పొద్దూ నా ఊహాశక్తి గురించి దిగులు పడిన మనిషి కాదు. ఆమె గోలంతా ఒకటే, ఈ పిల్ల నోరు ఎట్ట మూయించాల అని. అరవై ఏళ్లయినా ఆ పని పూర్తి కాలేదు.

అవ్వకి అన్ని పనులూ వచ్చు గానీ, ఒక్క పని మాత్రం చేసేది కాదు, ఎవర్నీ చేయనిచ్చేది కాదు. నాయన సముద్రంలో ఉన్నంతసేపు ఇంట్లో ఏ వస్తువూ తిరగేయకూడదు. ఇంట్లో ఏదన్నా బోర్లా పడితే సముద్రంలో పడవ బోర్లా పడతదని ఆమె నమ్మకం. తోమిన గిన్నెలు బోర్లించకుండా పక్కకి ఆనించి పెట్టాల. చాట గోడకి నిలబెట్టాల. దోసె ఒక పక్కే కాల్చి మూత పెట్టాల. మా ఇంట్లో దోసెకి రెండో పక్క కూడా ఉంటదని వేట లేని రోజుల్లోనే తెలిసేది. నేను నిద్రలో బొక్కబోర్లా పండుకుంటే కాలు పట్టుకుని లాగి వెల్లకిలా వేసేది. అసలు 'బోర్లా' అనే మాటే ఆ పొద్దు నోట్లో రాకూడదు. ఏమన్నా చెప్పాల్సి వస్తే 'ఆ పక్కకి' అనేది.

ఈ నియమం నా చదువుకి గూడా తగిలింది. బడిలో అయ్యవారు పేజీ తిప్పమంటే, "మా నాయన వేటకి పోయినాడయ్యా, పడవ వచ్చినాక తిప్పతాను," అన్నాను. ఆయన ఊరికి కొత్త, నేను ఎగతాళి చేస్తున్నానని బెత్తం తీసినాడు. మిగతా పిల్లకాయలంతా, "నిజమే అయ్యా, మేము గూడా తిప్పం," అన్నారు. ఆ రోజు మూడో తరగతి మొత్తం ఒకే పేజీలో కూర్చుంది. ఐదో తరగతితో నా చదువు ఆగిపోయినప్పుడు, నా పుస్తకాల్లో సగం పేజీలు కొత్తవి కొత్తవిగానే ఉన్నాయి. ఇప్పటికీ నాకు ఏ సంగతైనా సగమే తెలుసు, అది మా నాయన బాగుండాలని తెలియకుండా ఉంచుకున్న సగం.

నేను చెప్పే రోజు నాయన తెల్లారకముందే పడవ నెట్టుకోని పోయినాడు, పడవలో వాటా ఉన్న ఇద్దరు పాలివాళ్లతో. అమ్మ ఒడ్డున చేపలు ఎండేస్తా ఉండాది. అవ్వ బావి కాడికి పోయింది. బిడ్డని చూసుకోమని నన్ను కూర్చోబెట్టినారు. నాకప్పుడు తొమ్మిదేళ్లు. తాటాకు మడిచి, లోపల బుల్లి గవ్వలు పోసి, మొదటిసారి నా చేత్తో నేను గిలక్కాయ చేసినాను. అవ్వ చేసినంత నున్నగా రాలేదు, ఒక మూల సందులోంచి గవ్వలు తొంగిచూస్తా ఉండాయి గానీ మోత మాత్రం బాగొచ్చింది. చాప మీద వెల్లకిలా ఉన్న చెంచయ్య ముఖం మీద దాన్ని ఆడించినాను. వాడు కళ్లు తిప్పినాడు. పక్కకి జరిపి ఆడించినాను. వాడు ఒక కాలు ఎత్తినాడు, నడుము మెలేసినాడు, మూలిగినాడు, ఎర్రబడినాడు, దబ్బున బోర్లా పడినాడు. పడి, తల ఎత్తి, తాసిల్దారు ఉద్యోగం వచ్చినోడిలాగా నా దిక్కు చూసినాడు.

ఎగిరి గంతేసినాను. రెండో గంతు వెయ్యకముందే గుర్తొచ్చింది, నాయన సముద్రంలో ఉండాడు. గబుక్కున వాణ్ణి పట్టుకోని వెల్లకిలా తిప్పినాను. ఎవరూ చూడలేదు గదా అని వాకిట్లోకి తొంగిచూసి వచ్చేసరికి వాడు మళ్లీ బోర్లా ఉండాడు. మళ్లీ తిప్పినాను. వాడికి ఇదొక ఆట అయిపోయింది. కొత్తగా వచ్చిన విద్య కదా, ఎవడైనా చూపించుకోవాలనుకుంటాడు. నా తలకాయలో మాత్రం వేరే లెక్క. వాడు పడినప్పుడల్లా ఆడ సముద్రంలో పడవ మునగతా ఉండాది. నేను తిప్పినప్పుడల్లా తేలతా ఉండాది. నేను కాస్త ఏమరుపాటుగా ఉంటే నాయన నీళ్ల కింద ఎక్కువసేపు ఉండాల్సొస్తది. నాయన ఎంతసేపు ఊపిరి బిగపట్టగలడో నాకు తెలుసు, బావిలో చూసినాను. ఎక్కువసేపు కాదు.

అవ్వ నీళ్లు తెచ్చేసరికి బిడ్డకి అటొక వల చుట్ట, ఇటొక వల చుట్ట అడ్డం పెట్టి, మధ్యలో నేను కాపలా కూర్చోనుండాను.

"ఏందే, బిడ్డకి ఆ అడ్డాలు?" అనింది.

"చీమలు రాకుండా అవ్వా."

"చీమలు వల చూసి ఆగతాయటే?"

"మన చీమలు ఆగతాయి."

అవ్వ నా ముఖం చూసింది, బిడ్డ ముఖం చూసింది. లోపలికిపోయి ఇంకో వల చుట్ట తెచ్చి కాళ్లకాడ పెట్టింది. "ఈ దిక్కునుంచి గూడా చీమలొస్తాయి," అనింది. అవ్వ నన్ను నమ్మిందని సంబరపడినాను. నా తెలివి అంతవరకే.

పొద్దు వాలేటప్పటి గాలికి పడవలన్నీ తెరచాపలెత్తుకోని వచ్చేస్తాయి. ఆ రోజు గాలి దక్షిణం నుంచి ఈడ్చి కొట్టింది. ఒక్కొక్క పడవా వచ్చింది, మాది రాలేదు. ఇంకో పడవ మీద వచ్చిన కోటయ్య చిన్నాయన ఒడ్డునుంచి నేరుగా మా ఇంటికొచ్చి, వాకిట్లోనే నిలబడి, "అన్న పడవ తెరచాప చినిగింది వదినా. ఉత్తరం పక్కకి కొట్టుకుపోతా ఉంటే చూసినాను. నేను పోదామంటే గాలి నన్ను తిరగనీలే," అన్నాడు. అమ్మ చాటలో చేపలు అట్టనే పట్టుకోని నిలబడింది. అవ్వ ఏడవలేదు. విచారణ మొదలుపెట్టింది.

"ఇంట్లో ఎవరన్నా ఏమన్నా ఆ పక్కకి తిప్పినారా?"

"లేదత్తా," అనింది అమ్మ.

"నువ్వు?"

"లేదవ్వా," అన్నాను.

అవ్వ గిన్నెలు చూసింది. పెనం చూసింది. చాట చూసింది. కుక్కి మంచం ఎత్తి దాని కింద చూసింది. ఇంట్లో ప్రతి వస్తువూ బుద్ధిగా ముఖం పైకి పెట్టుకోని ఉండాది, చెంచయ్యతో సహా. వాణ్ణి అప్పుడే తిప్పినాను.

ఆ సాయంత్రం అవ్వ కొబ్బరాకులు ముందరేసుకోని కూర్చుంది. గడియారం అల్లి నా చేతికి కట్టింది. ఇంకోటి అల్లి రెండో చేతికి కట్టింది. అమ్మకి ఒకటి, బిడ్డకి ఒకటి, తనకి ఒకటి. అయినా చేతులు ఆగలేదు, పక్కన కుప్ప పడతా ఉండాది. ఇంటి నిండా గడియారాలే, నాయన ఎప్పుడొస్తాడో ఒక్కదానికీ తెలియదు. నన్ను కూటికి పిలిచినారు. ఆకలి లేదన్నాను. తినేదానికి లేస్తే ఆ కాసేపట్లో వాడు పడతాడు. నా కళ్లు మూతలు పడతా ఉంటే గిలక్కాయలోంచి ఒక గవ్వ తీసి పంటి కింద పెట్టుకున్నాను, నిద్ర రాకుండా. గవ్వ నోట్లో ఉండగానే నిద్రపోయినాను.

తెల్లారి ఉలిక్కిపడి లేచినాను. చెంచయ్య వెల్లకిలా, దొరలాగా పండుకోనుండాడు. దేవుడనేవాడు ఉండాడని ఆ పొద్దు నమ్మినాను. పిల్ల రెండు పూటల నుంచి తినలేదని అమ్మ రెక్క పట్టుకుని లాక్కుపోయి గంజి ముందర కూర్చోబెట్టింది. ఎంత తొందరగా తాగినా గంజి వేడి గంజే కదా. నేను తిరిగొచ్చేసరికి వాడు బోర్లా పడి, తల నిలపలేక, ముఖం చాపకి అదిమి పెట్టుకోని, నిద్రపోతా ఉండాడు. ఎంతసేపయిందో ఏమో. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. తిప్పినాను. తిప్పి చేతులు తీసినానో లేదో, వీధిలో కేకలు వినపడినాయి. "వచ్చినాడు. బస్సు దిగినాడు," అని.

సముద్రంలో పోయిన మనిషి బస్సులో వచ్చినాడు. కొట్టుకుపోయి కొట్టుకుపోయి జువ్వలదిన్నె కాడ ఒడ్డు పట్టినారంట. అప్పుడు ఆ ఊళ్లో హార్బరూ లేదు, ఏమీ లేదు, మా అమ్మకి వరసకి అన్న అయ్యే ఆయన ఒకడుండేవాడు. వాళ్లింట్లో తల దాచుకోని, పాలివాళ్లని పడవ కాడ పెట్టి, పొద్దున్నే బస్సెక్కినాడు. నాయన ఇంట్లోకి రాంగానే అవ్వ, "యాడికి పోయినావురా చెప్పాపెట్టకుండా?" అని తిట్టింది, ఏదో సినిమాకి పోయొచ్చినట్టు. అమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, చేతికివ్వబోయి, సగం ఇసకలో పోసింది. నేను గోడకి ఆనుకోని నిలబడినాను. దగ్గరికి పోతే అంతా కక్కేస్తానని భయం.

నాయన చాప మీద కూర్చోని బిడ్డని ఎత్తుకున్నాడు. ముఖంలో ముఖం పెట్టి కాసేపు చూసినాడు. మళ్లీ పండబెట్టి, "ఏందిరా, ఇంకా బోర్లా పడలేదా నువ్వు?" అన్నాడు. ఆ మాట మా ఇంట్లో అంత గట్టిగా ఎవరూ అనగా నేను వినలేదు. మేము ముగ్గురం ముందుకి వంగినాము. పడొద్దంటే రోజంతా పడినోడు, ఇప్పుడు పడమంటే కప్పు దిక్కు చూస్తా ఆవలించినాడు. అవ్వ నా చేతిలో గిలక్కాయ లాక్కుని వాడి పక్కన ఆడించింది. కాలు లేచింది, నడుము తిరిగింది, దబ్బుమని పడినాడు.

"పడినాడే," అనింది అవ్వ. "ఇదే మొదలు," అనింది అమ్మ. "నేను చూసినా, ఇదే మొదలు," అన్నాను నేను. ఎవరూ అడగలేదు నన్ను. అవ్వ నా తొడ మీద గట్టిగా ఒక పాయసం పెట్టింది. మా ఇంట్లో గిల్లుడుకి ఆ పేరు. నాయన లేచి, బిడ్డని భుజాన వేసుకోని, "నా కోసమే ఆగినాడు నా కొడుకు," అని ఒడ్డుకి పోయి కనపడిన ప్రతి మనిషికీ చెప్పినాడు. ఆ మాటే తిరిగి తిరిగి, అరవై ఏళ్లకి మైకులోకి వచ్చింది.

బొబ్బట్లు చేయాలంటే ఇంట్లో శెనగపప్పు లేదు. అవ్వ గెనుసుగడ్డలు, అదే చిలగడదుంపలు, ఉడకబెట్టి, బెల్లం కలిపి మెదిపి, రేషను గోధుమపిండిలో పెట్టి, అరిటాకు మీద ఒత్తింది. ఎట్టయినా అవి బొబ్బట్లే, గడ్డవి అని పేరు మారిస్తే ప్రాస పోతది. నాయన పొయ్యి పక్కనే కూర్చోనుండాడు. ఒడ్డు మీదే ఉండాడు కదా, ఇంక భయమేముంది. అవ్వ ఒక్కో బొబ్బట్టునీ రెండుసార్లు తిప్పితే చాలేదానికి ఐదారుసార్లు తిప్పింది. అటూ ఇటూ, అటూ ఇటూ. కాస్త మాడినాయి. నేను లెక్కపెట్టకుండా తిన్నాను.

ఇప్పుడు వేటకి పోయినోడు సముద్రం మధ్యలోంచి ఫోను చేసి కూరేం చేసినావని అడగతాడు. గాలి వస్తదని రెండు రోజుల ముందే సెల్లుకి మెసేజి వస్తది. మా పల్లెలో ఆడోళ్లు దోసెలు రెండు పక్కలా కాల్చతా ఉండారు, నేను పోయినప్పుడు కళ్లారా చూసినాను. మంచిదే. భయం తగ్గితే దోసె రుచి పెరగతది. కాకపోతే ఒకటి చెప్పాల. మేము బిడ్డ పడింది భయంతో దాచినాం, మా చెంచయ్య కోడలు ఫొటో కోసం దాచింది. ఆ బిడ్డ ఆదివారం చివరికి పడినాడు, మూడు కెమెరాల్లో పడినాడు, ఆ వీడియో మా బంధువుల గ్రూపులో నాకు పదకొండుసార్లు వచ్చింది. మా చెంచయ్య పడింది ఒక్క కెమెరాలోనూ లేదు. కెమెరా ఉండుంటే వాడికి చెప్పుకునేదానికి కథ మిగిలేదా.

నేను దాచింది నా ఒక్కదానికే తెలుసని చాలా ఏళ్లు అనుకున్నాను. నాయన పోయినాడు, అవ్వ అంతకుముందే పోయింది. అమ్మ బాగా పెద్దదయినాక ఒక రోజు ఇద్దరం వసారాలో కూర్చోని శెనక్కాయలు వలస్తా ఉంటే, ఇంక మోయలేక చెప్పేసినాను. ఆ రోజు తమ్ముడు పొద్దున్నే పడినాడమ్మా, నేనే తిప్పి తిప్పి పెట్టినాను అని.

అమ్మ వలిచే చెయ్యి ఆపలేదు. "పగలు నువ్వు తిప్పినావు. నేను పాలిచ్చేదానికి వచ్చినప్పుడు రెండుసార్లు తిప్పినాను. నువ్వు పండుకున్నాక తెల్లార్లూ మీ అవ్వ తిప్పింది. నేను నిద్రపోతున్నాననుకుంది."

"మరి ఒకరికొకరం చెప్పుకోలేదేమ్మా?"

"చెప్పుకుంటే నిజం అయిపోతది గదే."

ఇంకో గుప్పెడు కాయలు ఒళ్లో పోసుకున్నాను. తర్వాత నేను, "పోనీలే, నాయనకి తెలియకుండా పోయింది, అంతే చాలు," అన్నాను.

"ఎందుకు తెలియదు?" అనింది అమ్మ. "ఎత్తుకోంగానే చూసినాడు. బిడ్డ నుదుటి మీద, ముక్కు మీద, రెండు బుగ్గల మీద చాప అచ్చు ఎర్రగా పడుండె. వెల్లకిలా ఉండే బిడ్డకి అచ్చు వీపు మీద ఉంటది గానీ ముఖం మీద యాడినుంచి వస్తది?"

"మరి నా కోసమే ఆగినాడని ఊరంతా చెప్పినాడే."

"చెప్పకపోతే మీ అవ్వ తలెత్తుకోని తిరిగేదా? నువ్వు అన్నం ముట్టేదానివా?" అమ్మ చాటలో పప్పులు ఒక పక్కకి చేర్చింది. "ఆ పొద్దు బొబ్బట్టు పెడతా ఉంటే నాకు మాత్రం వినపడేట్టు అడిగినాడు, ముగ్గురూ అంత భయపడినారా అని. నేను లేదన్నాను. సరేలే అని ఇంకోటి వేయించుకున్నాడు."